ఎగరడానికి ముందు రాయాల్సిన పరీక్షలు

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన యువతీ యువకుల సమావేశంలో సంఘం విద్యా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దున కొమ్ము నృత్యం చూశాం. డోలు దెబ్బకి కాళ్లు ఆగలేదు. ఇప్పుడు కాస్త కూర్చుని లెక్కల సంగతి మాట్లాడుకుందాం. విసుగనిపిస్తే మన్నించండి. ఈ లెక్క తెలియక మన ఇళ్లలో కొందరు లక్షలు పోగొట్టుకున్నారు. అందుకే ఈ వేదిక మీద చెప్పాల్సి వస్తోంది.

ఈ మధ్య గురుకులాల్లో, కాలేజీ హాస్టళ్లలో పిల్లలను "ఏమవుతావు?" అని అడిగితే టీచరు, నర్సు, పోలీసు అనే మాటలతో పాటు "పైలట్" అనే మాట కూడా వినిపిస్తోంది. మాకు సంతోషంగా ఉంది. ఆ మాట ఊరికే పుట్టలేదు. శబరి నదికి అవతల ఒడిశాలో మల్కన్‌గిరి జిల్లా ఉంది. మన బంధువులు అక్కడా ఉన్నారు. ఆ జిల్లా నుంచి ఉరావ్ తెగ ఆడబిడ్డ అనుప్రియా లక్రా 2019లో విమాన పైలట్ అయింది. తండ్రి పోలీసు శాఖలో హవల్దారు. ఇంజనీరింగ్ మధ్యలో ఆపి 2012లో శిక్షణలో చేరింది. అంటే ఏడేళ్లు పట్టింది. పేపర్లో ఫోటో చూసినవాళ్లు చాలామంది. ఆ ఏడేళ్ల గురించి అడిగినవాళ్లు తక్కువ. ఆ ఏడేళ్లలో ఏముంటుందో, అందులో మొదటి మెట్టయిన థియరీ పరీక్షలంటే ఏమిటో, వాటికి ఎంతవుతుందో, వాటి కాగితాల పని ఎలా నడుస్తుందో ఈ రోజు చెబుతాం.

ముందే ఒక్క మాట. పైలట్ చదువులో అన్నిటికన్నా తక్కువ డబ్బుతో దాటగలిగిన గడప థియరీ పరీక్షలే. ఆ గడప దాటకముందే పెద్ద డబ్బు ఎవరి చేతిలోనూ పెట్టకండి. మేము చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా దీనికి వివరణ.

పరీక్షలు ఏవి?

మన దేశంలో విమానం నడిపి జీతం తీసుకోవాలంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు ఉండాలి. అందరూ సీపీఎల్ అంటారు. దాన్ని ఇచ్చేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ. లైసెన్సుకు పద్దెనిమిదేళ్లు నిండాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ పాస్ అయి ఉండాలి. విమానం మీద 200 గంటలు ఎగిరి ఉండాలి. వైద్య పరీక్షలో నెగ్గాలి. వీటితో పాటు థియరీ పేపర్లు పాస్ కావాలి.

ఆ పేపర్లు ఇవి. ఒకటి, ఎయిర్ రెగ్యులేషన్స్. గాలిలో, నేల మీద పాటించాల్సిన చట్టాలు, నియమాలు ఇందులో ఉంటాయి. రెండు, మెటియరాలజీ. వాతావరణం, మేఘాలు, గాలులు, పొగమంచు, రుతుపవనాల చదువు. మూడు, నావిగేషన్. దారి, దిక్కు, వేగం, సమయం, ఇంధనం లెక్కలు. నాలుగు, టెక్నికల్ జనరల్. విమానం ఎందుకు లేస్తుంది, ఇంజను ఎలా పనిచేస్తుంది, ముందున్న మీటర్లు ఏం చెబుతాయి అన్నది. ఐదు, టెక్నికల్ స్పెసిఫిక్. మీరు నేర్చుకునే ఆ ఒక్క రకం విమానం గురించి మాత్రమే అడుగుతారు. వీటికి తోడు రేడియోలో కంట్రోల్ టవర్‌తో మాట్లాడటానికి వేరే సర్టిఫికెట్ ఉంది. దాన్ని ఆర్‌టీఆర్ అంటారు. అందులో రాతతో పాటు మాట్లాడి చూపించే పరీక్ష కూడా ఉంటుంది.

పేపర్లన్నీ కంప్యూటర్ మీద రాయాలి. ఇచ్చిన జవాబుల్లో సరైనది ఎంచుకోవాలి. ప్రశ్నలు ఇంగ్లిష్‌లో ఉంటాయి. పాస్ మార్కు 70 శాతం. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఇంటర్‌లో 35 వస్తే పాస్. ఊరంతా మిఠాయి పంచుతాం. ఇక్కడ 69 వచ్చినా ఫెయిలే. మళ్లీ ఫీజు కట్టాలి, మళ్లీ తేదీ కోసం చూడాలి.

పేర్లు విని భయపడకండి. ఒక చిన్న లెక్క చేద్దాం. భద్రాచలం నుంచి హైదరాబాద్ బేగంపేటకు పక్షిలా సూటిగా వెళితే సుమారు 140 నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. చిన్న విమానం గంటకు 100 నాటికల్ మైళ్లు పోతుందనుకోండి. గంటా 24 నిమిషాల్లో చేరుతుంది. అదే రోజు ఎదురుగాలి గంటకు 20 మైళ్లు ఉంటే నేల మీద లెక్కకు వేగం 80కి పడిపోతుంది. అప్పుడు గంటా 45 నిమిషాలు. అంటే ఇంకో 21 నిమిషాలకు సరిపడా ఇంధనం ఉండాలి. లేదంటే బేగంపేట రాకముందే ట్యాంకు ఖాళీ కావచ్చు. ఇంకోటి. దిక్కు ఒక్క డిగ్రీ తప్పితే 60 మైళ్లకు ఒక మైలు పక్కకు పోతాం. 140 మైళ్లకు రెండు మైళ్ల పైచిలుకు. మబ్బులో అయితే రన్‌వే కనబడకపోవడానికి అది చాలు. నావిగేషన్ పేపరుకు పునాది ఇదే. మన తొమ్మిది, పది తరగతుల లెక్కలు గట్టిగా వచ్చిన పిల్లకు ఇది అందనిది కాదు.

మెటియరాలజీ కూడా అంతే. ఏ మబ్బు వాన మబ్బో, ఏ గాలి ముసురు తెస్తుందో మన తాతలు పొలం గట్టు మీద నిలబడి చెప్పేవాళ్లు. విత్తనాల పండుగ నాటికి ఆకాశం చూసే అలవాటు మనకు పుట్టుకతో వచ్చింది. ఆ మబ్బుకు ఇంగ్లిష్ పేరు నేర్చుకోవాలి, అది అంత ఎత్తుకు ఎందుకు పెరుగుతుందో కారణం నేర్చుకోవాలి. కష్టం ఉంది. మన వల్ల కాదు అనేంత కష్టం లేదు.

డబ్బు ఎక్కడెక్కడ పోతుంది?

ఇప్పుడు ఖర్చు. మామూలు సెషన్‌లో ఒక్కో పేపరుకు ఫీజు సుమారు 2,500 రూపాయలు. ఐదు పేపర్లకు 12,500. రేడియో పరీక్షకు వేరే. మామూలు సెషన్ వచ్చేదాకా ఆగకుండా కోరుకున్నప్పుడు రాసే ఆన్‌లైన్ పద్ధతి కూడా డీజీసీఏ పెట్టింది. దానికి ఫీజు ఎక్కువ. ఫీజులు మారుతుంటాయి. కట్టే రోజున డీజీసీఏ నోటీసులో ఉన్న అంకె చూసే కట్టండి. ఎవరో చెప్పిన అంకె నమ్మవద్దు.

12,500 అంటే మన ఇళ్లకు చిన్న మొత్తం కాదని మాకు తెలుసు. కల్లం మీద మిర్చి ఎండబెట్టే కూలికి అది ఎన్ని రోజుల పనో మీకే తెలుసు. అయినా పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. ఫ్లయింగ్ స్కూల్లో ఒక్క గంట ఎగరడానికి పది వేలకు పైనే తీసుకుంటారు. 200 గంటలు ఎగరాలి. కనీసం వేసుకున్నా ఇరవై లక్షలు దాటింది. చాలా చోట్ల మొత్తం కోర్సు, బస, తిండి అన్నీ కలిపి నలభై లక్షల పైమాటే. అంటే ఐదు పేపర్ల ఫీజు మొత్తం కలిపినా ఇంచుమించు ఒక్క గంట ఎగిరే ఖర్చంత. అందుకే దీన్ని తక్కువ డబ్బుతో దాటే గడప అన్నాం.

అసలు డబ్బు ఫీజులో పోదు. చుట్టూ ఉన్నవాటిలో పోతుంది. ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో గ్రౌండ్ క్లాసుల కోచింగ్‌కు రెండు లక్షలు, ఆ పైన అడుగుతారు. అక్కడ నెలల తరబడి గది అద్దె, తిండి. పరీక్షా కేంద్రాలు పెద్ద నగరాల్లోనే ఉంటాయి. మనకు దగ్గరది హైదరాబాద్. చర్ల నుంచో చింతూరు నుంచో వచ్చే పిల్లవాడికి బస్సు, రాత్రి బస, తోడు వచ్చిన అన్న కూలి పోవడం, ఇవన్నీ పరీక్ష ఖర్చే. ఫెయిల్ అయితే ఇవన్నీ రెండోసారి. మూడు పేపర్లు రెండేసిసార్లు రాసినవాడికి ఫీజు కన్నా ప్రయాణాల ఖర్చు ఎక్కువ అవుతుంది.

కాబట్టి ఖర్చు తగ్గించే మొదటి దారి ఒక్కటే. సిద్ధం కాకుండా "ఒకసారి రాసి చూద్దాం" అని వెళ్లకండి. ఇంట్లో కూర్చుని పాత ప్రశ్నలకు వరుసగా 80 పైన తెచ్చుకోగలిగిన రోజునే ఫీజు కట్టండి.

కోచింగ్ లేకుండా పాస్ కాలేమా అని అడుగుతారు. సొంతంగా చదివి పాసైనవాళ్లు దేశంలో చాలామంది ఉన్నారు. రెగ్యులేషన్స్‌కు ఆర్.కె. బాలి పుస్తకం, మెటియరాలజీకి ఐ.సి. జోషి పుస్తకం ఏళ్ల తరబడి విద్యార్థులు చదువుతున్నవే. ఈ రెండు పేపర్లూ ఇంట్లో చదివి రాయవచ్చని మా నమ్మకం. నావిగేషన్‌కు మాత్రం చెప్పేవాళ్లుంటే మంచిది. అన్నిటికీ కలిపి లక్షలు పోయకుండా, రాని ఒక్క సబ్జెక్టుకే క్లాసు తీసుకోండి.

తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఇంకో చిట్కా. ఒక నోటుబుక్కులో పేజీని రెండుగా మడవండి. ఎడమ పక్క ఇంగ్లిష్ మాట, కుడి పక్క మీకు అర్థమైన తెలుగు లేదా కోయ మాట రాయండి. హెడ్‌విండ్ అంటే ఎదురుగాలి. డ్రిఫ్ట్ అంటే గాలికి పక్కకు కొట్టుకుపోవడం. విజిబిలిటీ అంటే కంటిచూపు ఎంత దూరం ఆనుతుందో అది. విషయం మన భాషలో తలకెక్కితే ఇంగ్లిష్ ప్రశ్న భయపెట్టదు. పరీక్ష మాత్రం ఇంగ్లిష్‌లోనే. రేడియోలో మాట్లాడటానికీ ఇంగ్లిష్ తప్పదు. దాన్ని తప్పించుకునే దారి చెప్పడం లేదు, చేరుకునే దారి చెబుతున్నాం.

కాగితాల పని

మా అనుభవంలో మన పిల్లలు చదువు దగ్గర కన్నా కాగితాల దగ్గరే ఎక్కువ ఆగిపోయారు. ఈ భాగం శ్రద్ధగా వినండి.

పరీక్ష రాయాలంటే ముందు డీజీసీఏ దగ్గర కంప్యూటర్ నంబరు తీసుకోవాలి. హాల్ టికెట్ నంబరు లాంటిది కాదు. జీవితాంతం మీ పేరుకు అతుక్కుని ఉండే నంబరు. పరీక్ష పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఫోటో, సంతకం, గుర్తింపు కార్డు ఇవ్వాలి. ఇంటర్ మెమో నిజమైనదేనని బోర్డు నుంచి ధ్రువీకరణ కూడా కావాలి. ఈ ధ్రువీకరణకు రోజులు పడతాయి. పరీక్షకు నెల ముందు మొదలుపెడితే ఆ సెషన్ పోయినట్టే.

మన దగ్గర చిక్కు ఎక్కడొస్తుందో చెబుతాం. ఆశ్రమ పాఠశాలలో చేర్చిన రోజు సారు రాసిన పేరు ఒకటి. ఆధార్ సెంటర్‌లో టైపు చేసిన పేరు ఇంకొకటి. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా. మడివి అన్న ఇంటిపేరు ఒక కాగితంలో ఒక రకం స్పెల్లింగు, ఇంకో కాగితంలో ఇంకో రకం. పుట్టిన తేదీ చాలామందికి జూన్ నెలలో పడుతుంది, ఎందుకంటే బడి తెరిచే నెల అది. ఊళ్లో ఇవేవీ సమస్య కాదు. అక్కడ ఢిల్లీలో ఫైలు చూసే మనిషికి మీరు ఎవరో తెలియదు. రెండు కాగితాల్లో రెండు పేర్లుంటే ఇద్దరు మనుషులనే అనుకుంటారు.

మన కుర్రాడొకడు ఇలాగే ఆగిపోయాడు. లెక్కల్లో దిట్ట. రెగ్యులేషన్స్ పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. ఇంటిపేరు తేడా వల్ల దరఖాస్తు వెనక్కి వచ్చింది. మెమోలో మార్పు కోసం తిరిగాడు. అక్కడ ఆధార్ మార్చుకు రమ్మన్నారు. ఇక్కడ మెమో మార్చుకు రమ్మన్నారు. అటూ ఇటూ తిరగడంలో రెండు సెషన్లు పోయాయి. ఆ కోపంలో చదువు మీద మనసు పోయింది. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాడు. తప్పు అతనిది కాదు. అతనికి ముందే చెప్పని మాది కూడా కొంత ఉంది. అందుకే ఇప్పుడు చెబుతున్నాం: పైలట్ అయినా, నర్స్ అయినా, ఏది కావాలన్నా సరే, పదో తరగతి మెమో ఆధారంగా మిగతా కాగితాలన్నిటిలో పేరు, పుట్టిన తేదీ ఒక్కటిగా చేసుకోండి. ఇంటర్ మొదటి సంవత్సరంలోనే ఆ పని పూర్తిచేయండి.

బైపీసీ చదివిన చెల్లెళ్లు కొందరు మమ్మల్ని అడిగారు, మాకు దారి లేదా అని. ఉంది. ఓపెన్ స్కూల్ ద్వారా మ్యాథ్స్ రాసి పాసైతే సరిపోతుంది. దానికి ఒక ఏడాది వేసుకోండి.

మామూలు సెషన్లు ఏడాదికి కొన్నిసార్లే వస్తాయి. దరఖాస్తుకు కొన్ని రోజుల గడువే ఇస్తారు. నోటీసు పోస్టులో ఇంటికి రాదు, పోర్టల్‌లోనే పెడతారు. మన ఊళ్లలో సిగ్నల్ సంగతి మీకు తెలిసిందే. గుట్టెక్కితేనే ఫోను మోగే ఊళ్లున్నాయి. కాబట్టి వారానికి ఒక రోజు పెట్టుకుని, మండల కేంద్రానికి వచ్చినప్పుడు పోర్టల్ చూడటం అలవాటు చేసుకోండి. ఫీజు కట్టిన రసీదు, హాల్ టికెట్ రెండూ ప్రింటు తీసి దాచండి. పరీక్ష రోజున అసలు గుర్తింపు కార్డు పట్టుకెళ్లండి, జిరాక్స్ కాదు.

రేడియో సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పాలి. ఇంతకుముందు ఆ పరీక్ష టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం పెట్టేది. అంటే విద్యార్థి రెండు శాఖల చుట్టూ, రెండు తేదీల చుట్టూ తిరగాలి. 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2024 వచ్చింది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ చట్టంతో ఆ బాధ్యత డీజీసీఏకు మారింది. పాత యూట్యూబ్ వీడియోల్లో పాత పద్ధతే చెబుతుంటారు. ఏ తేదీ వీడియోనో చూసి నమ్మండి.

ఏది ముందు, ఏది వెనుక

ఇప్పుడు వరుస చెబుతాం. డబ్బు నిలిచేదీ పోయేదీ ఈ వరుస మీదే ఆధారపడి ఉంటుంది.

మొదట ఒంటి సంగతి. డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ టూ వైద్య పరీక్ష, తర్వాత లైసెన్సుకు క్లాస్ వన్ పరీక్ష ఉంటాయి. మన తెగల్లో సికిల్ సెల్ ఉందని మీకు తెలుసు. దాని కోసమే 2023 జులైలో కేంద్రం జాతీయ మిషన్ మొదలుపెట్టింది. ఆ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేస్తున్నారు. సికిల్ సెల్ జబ్బు ఉన్నవారికి ఎత్తులో ఆక్సిజన్ తగ్గితే ప్రమాదం. జబ్బు లేకుండా లక్షణం మాత్రమే మోస్తున్నవారి సంగతి వేరు, అది విమానయాన డాక్టరే తేల్చాలి. ఏదైనా సరే పుస్తకం కొనకముందే తెలుసుకోండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కళ్లద్దాలున్నా భయం లేదు, చూపు సరిచేసుకుంటే చాలామందికి అడ్డు రాదు. ముందు చూపించుకోండి.

రెండోది కాగితాలు, కంప్యూటర్ నంబరు. మూడోది రెగ్యులేషన్స్, మెటియరాలజీ పేపర్లు. నాలుగోది నావిగేషన్, టెక్నికల్ జనరల్. ఇవి నాలుగూ చేతిలో పడ్డాకే ఫ్లయింగ్ స్కూల్ గడప తొక్కండి. ఐదో పేపరు అక్కడ నేర్చుకునే విమానాన్ని బట్టి ఉంటుంది.

తిరగేసి చేస్తే ఏమవుతుందో వినండి. దరఖాస్తుకు ముందు ఐదేళ్లలోపు చేసిన 200 గంటలే లైసెన్సుకు లెక్కలోకి వస్తాయి. ముందు ఎగిరి, తర్వాత పేపర్ల దగ్గర ఆగిపోయినవాళ్లకు ఆ గంటలు పాతబడతాయి. మళ్లీ ఎగరాలి, మళ్లీ డబ్బు. పేపర్లు పాసైనా వాటికీ గడువుంది, అందుకే మరీ చిన్న వయసులో రాసేసి ఏళ్ల తరబడి పక్కన పెట్టడమూ మంచిది కాదు. డబ్బు ఏర్పాటు కంటికి కనిపిస్తున్న రోజుల్లో రాయడం మంచిది.

కొందరు దళారులు ఊళ్లకు వస్తున్నారు. "విదేశాల్లో శిక్షణ, ఇక్కడి పరీక్షల గోల లేదు" అంటారు. అబద్ధం. బయటి దేశంలో లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు కూడా ఇక్కడ నడపాలంటే దాన్ని మార్పిడి చేసుకోవాలి. రెగ్యులేషన్స్, ఇంకా కలిపి పెట్టే పేపరు డీజీసీఏ దగ్గర రాసి పాస్ కావాలి. అప్పటికే ఖర్చు చేసిన లక్షలు వెనక్కి రావు. మన పక్క మండలంలో ఒక తల్లి పిల్లవాడి సీటు కోసమని బంగారం అమ్మి ఒకరి చేతిలో పెట్టింది. పిల్లవాడు ఒక్క పేపరూ రాయలేదు. సీటూ రాలేదు, బంగారమూ రాలేదు. ఆమె ఈ సభలో లేదు. ఉన్నా లేచి నిలబడి చెప్పదు. ఆమె బదులు మేము చెబుతున్నాం.

పెద్ద డబ్బు సంగతి

పేపర్లు పాసయ్యాక నలభై లక్షలు ఎక్కడివి? ఈ ప్రశ్న దాటవేయం.

బ్యాంకులు విద్యా రుణం ఏడున్నర లక్షల వరకు మామూలుగా తాకట్టు లేకుండా ఇస్తాయి. ఆ పైన ఆస్తి చూపమంటాయి. మన ఆస్తి భూమి. ఏజెన్సీ భూమి 1/70 చట్టం కింద గిరిజనుడికి తప్ప వేరేవారికి అమ్మడానికి లేదు. అందుకే ఆ భూమి కాగితం చూసి బ్యాంకు మేనేజరు తల అడ్డంగా ఊపుతాడు. కొందరు కుర్రాళ్లు ఈ చట్టమే మనకు అడ్డం అంటున్నారు. అలా అనకండి. ఆ చట్టం లేకపోతే ఈ రోజు మనం ఈ నేల మీద సభ పెట్టుకునేవాళ్లమే కాదు. మారాల్సింది మన భూమి చట్టం కాదు. భూమి తాకట్టు లేకుండా మన పిల్లలకు డబ్బు ఇచ్చే పద్ధతి రావాలి.

ఉన్న దారులు ఇవి. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉరాన్ అకాడమీ ఉంది. ప్రవేశ పరీక్షలో ఇంగ్లిష్, మ్యాథ్స్, ఫిజిక్స్, రీజనింగ్ అడుగుతారు. గిరిజనులకు రిజర్వేషన్ సీట్లున్నాయి. సీటు రిజర్వేషన్ వేరు, ఫీజు మాఫీ వేరు. రెండూ ఒకటనుకుని చేరవద్దు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కేంద్ర మార్గదర్శకాల్లో కమర్షియల్ పైలట్ కోర్సు పేరు ఉంది. ఏ ఏడాది ఎంత ఇస్తారు, ఎన్ని సీట్లకు అన్నది ఐటీడీఏ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. నోటిమాట జవాబు తీసుకుని రాకండి. దరఖాస్తు ఇచ్చి ముద్ర వేయించుకున్న నకలు దాచుకోండి.

ఇక్కడే పాసైన పేపర్ల విలువ తెలుస్తుంది. "పైలట్ అవుతా, డబ్బివ్వండి" అని వెళ్లే పిల్లవాడు ఒకడు. "నాలుగు పేపర్లు పాసయ్యాను, మెడికల్ అయింది, ఇవిగో ఫలితాలు, మిగిలింది ఎగరడమే" అని వెళ్లే పిల్ల ఇంకొకరు. అధికారి అయినా, బ్యాంకు అయినా, దాత అయినా ఎవరి మాట వింటారో మీరే ఆలోచించండి.

మేము ఏం చేస్తాం?

చెప్పి వెళ్లిపోవడానికి రాలేదు. సంఘం గదిలో ఈ పరీక్షల పుస్తకాలు ఒక సెట్టు పెడుతున్నాం. ఇంటికి ఇవ్వం, అక్కడే కూర్చుని చదవాలి. ఆదివారాలు కాగితాల సహాయం ఉంటుంది. మెమో, ఆధార్, కుల ధ్రువీకరణ తెచ్చుకుంటే తేడాలు ఉన్నాయో లేవో చూసి, ఎక్కడికి వెళ్లాలో రాసిస్తాం. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు కొందరు పరీక్షకు వచ్చే పిల్లలకు ఒక రాత్రి బస ఇవ్వడానికి ఒప్పుకున్నారు. బస ఖర్చు తగ్గితే ఇంకో పేపరు ఫీజు మిగులుతుంది.

ప్రభుత్వానికి మేము ఇస్తున్న వినతిపత్రంలో రెండే కోరికలున్నాయి. ఒకటి, గిరిజన విద్యార్థి పాసైన ప్రతి పేపరుకు ఫీజు, ప్రయాణ ఖర్చు తిరిగి ఇవ్వాలి. రెండు, పేపర్లన్నీ పాసైన వాళ్లకు ఎగిరే ఖర్చు భూమి తాకట్టు లేకుండా విడతలుగా ఇవ్వాలి. మొదటిది చిన్న మొత్తం. రెండోది పెద్దదైనా, అర్హులు ఎవరో పరీక్షలే తేలుస్తాయి కాబట్టి డబ్బు వృథా కాదు. ఈ పత్రం మీద మీ సంతకాలు కావాలి. బయట బల్ల మీద ఉంది.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మాట. పిల్ల "పైలట్ అవుతా" అంటే నవ్వకండి. వెంటనే పొలం వైపూ చూడకండి. "మొదటి పేపరు రాయి, చూద్దాం" అనండి. 2,500 రూపాయలు, కొన్ని నెలల చదువు. పాసైతే రెండో పేపరు. కాకపోతే పిల్లకు తన సంగతి తెలుస్తుంది, ఇంటి మీద అప్పు పడదు. ఆ చదివిన లెక్కలు, ఇంగ్లిష్ ఇంకో ఉద్యోగానికి పనికొస్తాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన ఊరి మీదుగా రోజూ విమానాలు పోతున్నాయి. తల ఎత్తి చూడటం అయిపోయింది. ఇప్పుడు తల దించి చదవాల్సిన రోజులు. మెమోలో పేరు సరిగ్గా ఉందో లేదో ఈ రాత్రే చూసుకోండి. తేడా ఉంటే వచ్చే ఆదివారం సంఘం గదికి రండి.

 జై ఆదివాసీ.